మద్దిపలకలో నీలిమచ్చ

నందీశు వచ్చింది బల్ల కోసం. ఉస్తాదును చూసిపోదామని వచ్చినానని అన్నాడు గానీ, వచ్చింది బల్ల కోసమే.

కారు దిగీ దిగకముందే మొదలుపెట్టినాడు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ కొత్త ఆఫీసు పెట్టుకుంటోందంట. దాని మీటింగు గదిలోకి ఒకే చెట్టు నుంచి కోసిన ఒకే పలక కావాలంట. అతుకు ఉండకూడదు, రంగు పూయకూడదు, అంచులు చెట్టుకు ఎట్ల ఉన్నాయో అట్లే వంకరటింకరగా ఉండాలి. చుట్టూ పన్నెండు మంది కూర్చోవాలి. ఆ కంపెనీలో ఇవన్నీ చూసుకునే మేడమ్ పేరు సుచరిత. నందీశు ఇప్పటికి తొమ్మిది పలకలు చూపించినాడు. తొమ్మిదింటికీ ఆమె ఒకటే మాట అనిందంట: "ఇది బల్లలాగుంది. నాకు చెట్టులాగుండేది కావాలి."

"సోమవారం లోపల చూపించకపోతే ఆఫీసు పని మొత్తం వేరేవాళ్ళకు ఇచ్చేస్తారక్కా," అన్నాడు నాతో. "సొంతంగా పట్టిన మొదటి పెద్ద పని. ఇది పోతే ఇంక నన్ను ఎవరు పిలుస్తారు?"

నేను ఓబులమ్మను. నంద్యాలలో, కాలవ గట్టు కింద, మౌలాలి ఉస్తాదు కలప యార్డులో పాలిషు పని చేస్తా. ఇరవై రెండేళ్ళయింది. నందీశు కూడా మా దగ్గరే ఎనిమిదేళ్ళు పని నేర్చినాడు. వాళ్ళ నాయన కమ్మరి. కొడుకు మాత్రం కొలిమి దగ్గర కూర్చోలేనని కొయ్యపని పట్టినాడు. మంచి పనోడు, నేను కాదనను. పలక చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తాడు. ఆ సంగతి మాకంటే వానికే ఎక్కువ తెలుసు, అదీ చిక్కు. పదకొండేళ్ళ కింద ఆఫీసులకు కొయ్యసామాను అమర్చే పనికని హైదరాబాదు పోయినాడు. మొదట్లో ఏటా వచ్చేవాడు. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారీ ఇటు తొంగిచూడలేదు.

ఉస్తాదు రేకుల కింద ముక్కాలి పీట మీద కూర్చోనున్నాడు. కుడి భుజం మీద పెద్ద తువ్వాలు, చెయ్యి మొత్తం కప్పేసేటట్టు. నందీశు వంగి కాళ్ళు ముట్టుకున్నాడు. ఉస్తాదు ఎడమచెయ్యి వాని తలమీద పెట్టినాడు.

"ఎట్లుండావు నాయనా?"

"బాగుండా ఉస్తాదూ," అంటూనే వాడు ఆయన భుజం మీదుగా వెనక నిలబెట్టిన పలకల్ని చూస్తున్నాడు. మనిషి ముఖం చూడ్డానికి ఎంతసేపు పడుతుందప్పా! అంత తీరిక కూడా లేకపోయింది వానికి.

నేను టీ తెచ్చినా. ఉస్తాదు పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి వానికి చాపినాడు. ఎడంచేత్తో.

నందీశు ముఖం మారిపోయింది. ఒక్క క్షణం ఆ చెయ్యి వైపే చూసి, గ్లాసు తీసుకున్నాడు.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగినాడు ఉస్తాదు.

"బాగా సరిపోయింది ఉస్తాదూ."

గ్లాసు ఇంకా పెదిమలకే తగల్లేదు. మా యార్డు టీలో చక్కెరే ఉండదు. ఉస్తాదుకు షుగరు వచ్చినప్పటినుంచి ఒకే గిన్నెలో అందరికీ చప్పటి టీనే కాస్తా. నేను నోరు తెరవబోయినా. ఉస్తాదు నావైపు చూసినాడు, మూసుకున్నా. నందీశు ఆ గ్లాసును అట్లే చెక్కపొట్టులో పెట్టేసి పలకల వైపు నడిచినాడు.

దుంగల చాటుకు పోంగానే నా మీద పడినాడు. "చూసినావా అక్కా? ఎడంచేత్తో ఇచ్చినాడు టీ! బిచ్చగానికైనా కుడిచేత్తో వేస్తారే. నాలుగేళ్ళు రాలేదని ఇంత కోపమా? ఎనిమిదేళ్ళు ఈ మనిషి కాళ్ళ దగ్గర పడుండా నేను!"

నా ఒళ్ళు మండిపోయింది. ఉన్నదంతా కక్కేద్దామనిపించింది. కానీ ఉస్తాదు మాచేత ఒట్టు వేయించుకోనుండాడు, నందీశుకు చెప్పకూడదని. ఏం చెప్పకూడదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"మెల్లగా మాట్లాడు," అన్నా. "ఆయన చెవులు బాగానే పనిచేస్తాండాయి."

వాడు పలకలు చూడ్డం మొదలుపెట్టినాడు. ఒక్కో పలక దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. ఇది పచ్చి. ఇది లోపల గుల్ల. దీనికి పురుగు తగిలింది. ఇది వెడల్పు చాలదు. తట్టి, గోరుతో గీకి, వాసన చూసి, చెయ్యి విదిలించి ముందుకు పోతాడు. ఒక్క మాటా తప్పు చెప్పలేదు, అది ఒప్పుకోవాల్సిందే.

గోడవారగా, రెండు దిమ్మెల మీద, గోనెపట్టాలు కప్పిన పలక ఒకటుంది.

"అది కాదులే నందీశూ," అన్నా.

అనకుండా ఉండాల్సింది. వాడు రెండు అంగల్లో పోయి పట్టాలు లాగేసినాడు.

లాగి, అట్లే నిలబడిపోయినాడు.

పన్నెండడుగుల పొడుగు, మూడున్నర వెడల్పు, మూడంగుళాల మందం. అంచులు చెట్టు పెరిగినట్టే వంపులు తిరిగినాయి. పలకంతా గోధుమరంగు. ఒక పక్కకు మాత్రం అరచెయ్యంత వెడల్పున నీలం, నలుపు కలిసిన మచ్చ. అక్కడినుంచి గీతల వెంబడి పారి, ఏడ్చిన కంటికి కాటుక కారినట్టు, అడుగు దూరం దాకా పాకింది.

"అక్కా, ఇది మన మద్ది కదా?"

"మనదే."

యార్డు మధ్యలో ఉండేది ఆ తెల్లమద్ది. దాని నీడలోనే మేమందరం పని నేర్చుకున్నాం. మూడేళ్ళ కింద గాలివానకు కూలింది. మొద్దును కోయించి, అంగుళానికొక ఏడాది లెక్కన మూడేళ్ళు ఆరబెట్టినాడు ఉస్తాదు. ఎందరో వచ్చి అడిగినారు. ఎవరికీ ఇవ్వలేదు.

నందీశు అప్పటికప్పుడే ఫోటో తీసి సుచరిత మేడమ్‌కు పంపినాడు. నిమిషం కాలేదు, జవాబు వచ్చింది. నాకు చదివి వినిపించినాడు. "ఇదే! తొమ్మిదింటిలో దేనికీ ఇంత ప్రాణం లేదు. ఆ నీలం రంగు చూస్తుంటే చెట్టు ఏదో చెప్తున్నట్టుంది. వెంటనే మాట్లాడండి."

వాని సంతోషం చూడాల! చిన్నపిల్లోని మాదిరి ఉస్తాదు దగ్గరికి పరిగెత్తినాడు. ఎడంచేతి టీ, కోపం, అన్నీ మరిచిపోయినాడు.

"ఉస్తాదూ, మన మద్ది నాకియ్యండి. నా పరువు దాంతోనే ఉండాది."

ఉస్తాదు లేచి మెల్లగా పలక దగ్గరికి వచ్చినాడు.

"ఇస్తా," అన్నాడు. "ముందు చదువు."

మా యార్డులో అది అలవాటే. పలక మీద చెయ్యి పెట్టి, ఆ చెట్టుకు ఏమేం జరిగిందో చెప్పాల. నందీశుకు ఇంతకంటే ఏం కావాల! చొక్కా చేతులు పైకి మడిచినాడు.

"ఇదిగో ఇక్కడ గీతలు ఇరుగ్గా ఉన్నాయి చూడండి, కాలవకు నీళ్ళు రాని ఏళ్ళు. నాలుగు, కాదు, అయిదు. ఇక్కడ ఒక్కసారిగా వెడల్పు, వరద వచ్చిన ఏడు. ఇక్కడినుంచి పక్కకు వంగింది. అంటే రేకుల కొట్టం వేసినారు, ఎండకోసం అటు తిరిగింది. ఇక్కడ కొమ్మ విరిగి మానింది." లెక్కపెట్టుకుంటూ వేలు జరిపి ఒక గీత దగ్గర ఆపినాడు, నవ్వినాడు. "ఇదిగో ఉస్తాదూ, నేను మీ దగ్గర పనికి చేరిన ఏడు. సరిగ్గా ఇదే."

ఆ గీత పోయి నీలిమచ్చలో కలుస్తోంది. ఆ మచ్చ సంగతి నాకు తెలుసు. వానికి మాత్రం ఏమీ తోచలేదు.

"ఆ నీలం?" అన్నాడు ఉస్తాదు.

"అది నేల గుణం. గట్టుకింది నీళ్ళలో ఉప్పు ఎక్కువ కదా, వేర్ల గుండా ఎక్కింది."

"నిజమేనా?"

"నాకు తెలీదా ఉస్తాదూ!"

 ఉస్తాదు తన ఉలుల పెట్టె దగ్గరికి పోయి, ఎడంచేత్తో మూత తీసి, అడుగున చాలాసేపు వెతికినాడు. వెనక్కి వచ్చినాడు. భుజం మీది తువ్వాలు తీసి పలక మీద పెట్టినాడు.

"ఎడంచేత్తో ఇస్తినని బాధపడితివి కదా," అన్నాడు. గొంతులో కోపం లేదు, సత్యంగా చెప్తున్నా, ఒక్క చుక్క కూడా లేదు. "ఇదిగో, కుడిచేత్తో ఇస్తాండా. పట్టు."

కుడిచెయ్యి చాపినాడు.

బొటనవేలు, చిటికెనవేలు. ఆ చేతికి ఆ రెండే ఉన్నాయి. నడుమ మూడు వేళ్ళూ మొదలంటా లేవు. ఉన్న ఆ రెండు వేళ్ళ మధ్య ఒక విరిగిన మేకు.

నందీశు చెయ్యి చాపలేదు. చాపలేకపోయినాడు. కళ్ళు ఆ చేతి మీదినుంచి కదలవు.  మూడేళ్ళుగా రోజూ ఆ చేతిని చూస్తున్నదాన్ని, నేనే ఆ పొద్దు తల తిప్పుకున్నా.

"పట్టు నాయనా. జారిపోతాది. నాకు పట్టు తక్కువ."

అప్పుడు పట్టినాడు. అరచేతిలో పడిన మేకును చూసినాడు. తుప్పుపట్టిన సగం మేకు, నెత్తి ఉన్న సగం. ఆ నెత్తి మీద మూడు గాట్లు.

వాళ్ళ నాయన తన కొలిమిలో చేసిన ప్రతి మేకు నెత్తినా మూడు గాట్లు పెట్టేవాడు. ఊరంతటికీ తెలిసిన గుర్తు అది. కొడుకు చూడంగానే గుర్తుపట్టినాడు. 

"ఇది నాది," అన్నాడు. ఎవరితోనో చెప్తున్నట్టు అన్నాడు. "చొక్కా తగిలించుకోడానికి."

అవును, చొక్కా కోసమే. పనికి కొత్తగా చేరినప్పుడు వీడు ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. వచ్చి, దాన్ని విప్పి మద్దిచెట్టుకు తగిలించి, బనీనుతో పని చేసేవాడు. మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. ఆ చొక్కా దేనికి తగిలించినాడని మాత్రం ఏ ఒక్కరమూ చూడలేదు. ఏదో కొమ్మ మొదలు అనుకున్నాం. చెట్టు పెరిగినాది, మేకును మింగేసినాది.

మా ఉస్తాదుకు ఒక పద్ధతి ఉంది. ఏ మొద్దయినా సరే, కోత మిల్లుకు పోయేముందు ఆ చెట్టు కింద బతికినవాళ్ళందరినీ అడుగుతాడు, మేకు కొట్టినారా అని. ఒక్కొక్కరిని మూడుసార్లు అడుగుతాడు. కొయ్య లోపల ఇనుముంటే రంపం తెగి మనిషి మీద పడుతుంది, అందుకని. మద్ది కూలినప్పుడు కూడా అడిగినాడు. నన్ను మూడుసార్లు అడిగినాడు, మూడుసార్లూ లేదన్నా. నేను కొట్టలేదు కాబట్టి లేదన్నా. చెట్టుకు వేలాడిన చొక్కా ఆ నిమిషంలో నాకెందుకు గుర్తు రాలేదో, ఆ బాధ నాతోనే పోవాల.

ఆ తర్వాత నా ముందే నందీశుకు ఫోన్ చేసినాడు.

వానికి ఇప్పుడు గుర్తొచ్చింది. నేను చూస్తుండగానే గుర్తొచ్చింది. "మీరు ఫోన్ చేసినారు," అన్నాడు. "నేను మీటింగులో ఉన్నా. పెద్దోళ్ళకు డిజైను బొమ్మలు చూపిస్తున్నా. మీరు ఒక్కసారే అడిగినారు..."

ఒక్కసారే అడిగినాడు. మూడుసార్లు అడిగే పనే లేకుండా వీడే "లేదు ఉస్తాదూ, లేదు, లేదు" అని ఒక్క ఊపిరిలో అనేసి పెట్టేసినాడు. పది లెక్కపెట్టేలోపల అయిపోయింది ఆ ఫోను. ఉస్తాదు నావైపు తిరిగి, "నందీశు మూడుసార్లు చెప్పినాడు," అన్నాడు. నమ్మినాడు. నమ్మి, మిల్లులో కోతగీత ఎక్కడ పడాలో చూపిస్తానని మొద్దు పక్కనే, మొద్దు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు.

తర్వాతది నేను చెప్పలేను. నిప్పురవ్వలు లేచినాయి. ఇనుము అరిచినట్టు ఒక చప్పుడు. నా పైట చించి ఆ చెయ్యి చుట్టినా. అంతే.

నందీశు చెక్కపొట్టులోనే కూలబడినాడు.

"నేను అబద్ధం చెప్పలేదు ఉస్తాదూ. మీ అల్లా మీద ఒట్టు, మా నాయన మీద ఒట్టు. నాకు గుర్తులేదు."

"తెలుసు," అన్నాడు ఉస్తాదు.

"మరి నాకెందుకు చెప్పలేదు? మూడేళ్ళు! ఒక్క మాట..."

 ఉస్తాదు తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోను. కుడిచేతిలోని మేకును వదలకుండానే ఎడంచేత్తో స్పీకరు నొక్కినాడు. సుచరిత మేడమ్ గొంతు.

"నందీశ్ గారూ, లారీ మాట్లాడాను. ఫోటో మా వాళ్ళందరికీ చూపించాను, అందరికీ నచ్చింది. పలకలో వేరే సమస్యేమీ లేదు కదా? లేదంటే ఇప్పుడే బయల్దేరమంటా."

"లే..."

అంతవరకు వచ్చి ఆగిపోయినాడు. పిడికిలి విప్పి మేకును చూసుకున్నాడు.

"ఒక్క నిమిషం మేడమ్. చూసి చెప్తాను."

ఈ మనిషి నోట ఆ మాట నేను విన్నది అదే మొదలు. ఫోనును నేలమీద పెట్టి, ఆ తెల్ల చొక్కాతోనే వెల్లకిలా పడుకొని, పలక కిందికి దూరినాడు. చెక్కపొట్టు, సాలెపురుగులు, ఏమీ చూడలేదు. కింది నుంచి పలకను జానెడు జానెడు తడుముతూ పోయినాడు. నిమిషమన్నాడు గానీ అయిదారు నిమిషాలు పట్టింది. అవతల ఆ యమ్మ "హలో? హలో?" అంటోంది. ఉస్తాదు పీట తెచ్చుకొని కూర్చున్నాడు.

నీలిమచ్చ కిందికి వచ్చినాక వాని వేలు ఆగింది.

"ఉంది మేడమ్," అన్నాడు పలక కిందినుంచే. "ఆ నీలం చెట్టుది కాదు. లోపల మేకుముక్క ఉంది. ఆ తుప్పు కొయ్యలోకి దిగి నీలమయింది. బయటికి తీయాలంటే పలక చీలుతుంది. అట్లే ఉంచితే వానాకాలం వచ్చినప్పుడల్లా ఆ మచ్చ ఇంకొంచెం పాకుతుంది. ఎంత పాకుతుందో నాకు తెలీదు."

అవతలినుంచి ఆమె అడిగింది.

"ఇంతకుముందు ఈ సంగతి చెప్పలేదే మీరు?"

"ఇంతకుముందు చూడలేదు."

"అంత చెట్టుకు మేకు ఎవరు కొట్టారండీ?"

"నేనే కొట్టినా," అన్నాడు.  "దాని మీద రంపం తెగి మా ఉస్తాదు మూడు వేళ్ళు పోయినాయి. ఆ సంగతి నాకు ఈ పొద్దే తెలిసింది. ఈ పలక చుట్టూ కూర్చునేవాళ్ళకు ఇది కూడా తెలియాల, అందుకే చెప్తాండా."

 నేను ఆ ఫోను వైపే చూస్తున్నా.

"నేను మళ్ళీ చేస్తానండీ," అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తుందో లేదో ఎవరికి తెలుసు? పని పోయిందనే అనుకున్నా నేను. వాడూ అదే అనుకున్నట్టున్నాడు. పలక కిందినుంచి బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, బూట్లతో సహా. లోపల ఏడుస్తున్నాడని ఆ కాళ్ళను చూస్తేనే తెలుస్తోంది.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. పొయ్యి వెలిగించి మళ్ళీ టీ పెట్టినా.

టీ అయ్యేసరికి వాడు బయటికి వచ్చి ఉస్తాదు పీట ముందర కూర్చోనుండాడు. జుట్టు నిండా చెక్కపొట్టు. కుడిచెయ్యి పిడికిలి అట్లే బిగించి ఉంది. ఇప్పుడు వాడు పలకల వైపు చూడ్డంలేదు.

ఉస్తాదు పళ్ళెంలోంచి గ్లాసు తీసి చాపినాడు. ఎడంచేత్తో.

నందీశు మేకును ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులూ జోడించి, దోసిలిలోకి తీసుకున్నాడు ఆ గ్లాసును.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగినాడు ఉస్తాదు.

నందీశు నోరు తెరిచి, మూసుకున్నాడు. గ్లాసు పెదిమల దగ్గర పెట్టుకొని ఒక గుక్క తాగినాడు. కాసేపు ఆగి ఇంకో గుక్క తాగినాడు.

"లేదు ఉస్తాదూ," అన్నాడు. "దీంట్లో చక్కెరే లేదు."